పనికి పోతే పింఛను పోతుందా?

వికలాంగుల పింఛను తీసుకుంటున్న మనిషి పనికి పోతే ఆ పింఛను ఉంచాలా, తీసేయాలా? మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల్లో దీని మీద ఎవరూ సభలు పెట్టరు. కానీ పింఛను అందే ఇళ్లలో ఏదో ఒక రోజు ఈ మాట వచ్చి తీరుతుంది. బజారులో బట్టల కొట్టువాళ్లు లెక్కలు రాయడానికి మనిషి కావాలన్న రోజు వస్తుంది. హైదరాబాదులో ఉన్న మేనమామ ఇక్కడ పనుంది, వచ్చెయ్ అని ఫోను చేసిన రోజు వస్తుంది. ఇంటి ముందే చిన్న అంగడి పెట్టుకుందామన్న ఆలోచన పుట్టిన రోజు వస్తుంది. అప్పుడు తల్లి నోట ముందుగా వచ్చే మాట ఒకటే: "పింఛను తీసెయ్యరు గదా?"

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2014కి ముందు ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగుల పింఛను 500 రూపాయలు. ఆ ఏడాది అక్టోబరులో వైకల్యం 80 శాతం లోపు ఉన్నవారికి 1,000, ఆపైన ఉన్నవారికి 1,500 చేశారు. క్రమంగా 3,000 దాకా వచ్చి, 2024 జూలైలో ఒక్కసారిగా 6,000 అయింది. పక్షవాతంతో, కండరాల క్షీణతతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఇది వాన మీద భరోసా లేని నేల. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో, పడినా ఎన్నేళ్లుంటాయో తెలియదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఇక్కడ ఒక తరం పెద్దదైంది. ఇలాంటి చోట తారీకు తప్పకుండా వచ్చే రాబడి చాలా ఇళ్లలో ఈ ఒక్కటే. కిరాణా కొట్టు ఖాతాకు, చీటీకి, పిల్లల ఫీజుకు పూచీ పడేది ఆ ఆరు వేలే. ఐదొందలు పోతే పోయిందిలెమ్మని పనికి పోయినవాళ్లు ఉండి ఉంటారు. ఆరు వేలు పోతుందంటే ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. పింఛను పెరగవలసిందే, ఇంకా పెరగవలసిందే. అయితే అది పెరిగే కొద్దీ, పోతుందేమోనన్న భయం కూడా పెరుగుతుందని పెంచినవాళ్లు గుర్తించాలి.

ఇక్కడి వైకల్యానికి ఒక చరిత్ర ఉంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు బిగుసుకుపోయి వంగిపోయే జబ్బును మన దేశంలో 1937లోనే షార్ట్, ఆయనతో పనిచేసిన వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇటొచ్చాయి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. దాదాపు తొంభై ఏళ్లుగా తెలిసిన జబ్బు ఇప్పటికీ ఊళ్లలో నడుములు వంచుతూనే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. అందులో ఫ్లోరోసిస్ పేరు లేదు, కదలికల వైకల్యం కిందే దాన్ని లెక్కగడతారు. ఫ్లోరోసిస్ బాధితులతో పాటు పోలియో తరం ఉంది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ ఎవరికీ సోకలేదు కాబట్టి ఆ తరం ఇప్పుడు ఎక్కువగా నడివయసులో, అంటే సంపాదించే వయసులో ఉంది. వీళ్లు కాక పుట్టుచెవుడు ఉన్నవాళ్లు, చూపు లేనివాళ్లు, రోడ్డు ప్రమాదాల్లో కాలు పోయినవాళ్లు ఉన్నారు.

వీళ్లందరికీ సదరం సర్టిఫికెట్‌లో ఒక శాతం ఉంటుంది. 40 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పింఛను. ఆ శాతం శరీరం ఎంత దెబ్బతిన్నదో చెబుతుంది గానీ, మనిషి ఏ పని చేయగలడో చెప్పదు. బొత్తిగా చెవులు వినపడని అమ్మాయి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మిషను కుట్టగలదు. ఫ్లోరోసిస్‌తో యాభై శాతం రాయించుకున్న రైతు బిందెడు నీళ్లు ఎత్తలేడు, మెడ తిప్పి పక్కకు చూడలేడు. పని ప్రోత్సాహం గురించి మాట్లాడేవాళ్లు, దాన్ని కాదనేవాళ్లు తరచూ ఈ ఇద్దరినీ ఒకే గాటన కడతారు. ఒకరు ఆ అమ్మాయిని తలచుకుని అందరూ పని చేయగలరంటారు, మరొకరు ఆ రైతును తలచుకుని ఎవరినీ పని ఊసెత్తి బాధపెట్టవద్దంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో మనిషి గురించి చెబుతున్నారు.

ఇప్పుడున్న నిబంధనలు ఏం చేస్తున్నాయో చూద్దాం. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. సొంత కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫరవాలేదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇవన్నీ కుటుంబానికి పెట్టిన కొలతలు. అన్నకు కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే, నడవలేని చెల్లెలు పింఛను పోగొట్టుకుంటుంది. నిన్నటిదాకా తన ఖర్చుకు తన డబ్బు ఉన్న మనిషి, రేపటి నుంచి వదిన దగ్గర చెయ్యి చాచాలి. కుటుంబం బాగుపడిందని లెక్క తేల్చిన కాగితానికి ఆ తేడా కనపడదు.

ఆదాయ పరిమితి సంగతి ఇంకా విచిత్రం. 2025–26లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఒక ఇంట్లో ఇద్దరు నెలకు పదిహేడు రోజుల చొప్పున ఆ కూలికి పోయినా రాబడి 10,400 దాటుతుంది. అంటే నిజాయితీగా లెక్క చూస్తే కూలీనాలీ చేసుకునే ఇళ్లు కూడా గీత దాటినట్టే. ఎవరూ అలా లెక్క చూడరు, చూడలేరు కూడా. చేతికిచ్చే కూలికి కాగితం ఉండదు. కాగితం ఉండేది బ్యాంకులో పడే జీతానికి, ప్రభుత్వ కొలువుకు, కరెంటు బిల్లుకు. అందుకే నెలజీతం ఉన్న పనికి రమ్మంటే వెనకాడే మనిషి, అదే పనిని కాగితం లేకుండా తక్కువ డబ్బుకు చేయడానికి ఒప్పుకుంటాడు. యజమానికీ అదే కావాలి. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, రేపు వద్దన్నా అడిగేవాడు లేడు. ప్రైవేటు యజమాని వికలాంగులను పనిలో పెట్టుకుంటే, 25,000 వరకు జీతాల మీద అతను కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్ఐ వాటాను మూడేళ్లు తానే కడతానని కేంద్రం 2008లోనే పథకం పెట్టింది. ఈ ప్రాంతంలో ఆ పథకం పేరు వినబడదు. యజమానికి రాయితీ ఇచ్చారు గానీ పనికి వచ్చే మనిషి భయాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కరెంటు మీటరుది మరో కథ. కాలు కదపలేని మనిషికి అన్నిటికన్నా వీలైన పని ఇంట్లోనే చేసుకునేది: కూల్‌డ్రింకులు, పాలు పెట్టుకోవడానికి ఒక ఫ్రిజ్జు, మోటారు మిషను, జిరాక్సు, చిన్న పిండిమర. వీటిలో ఏది పెట్టినా తిరిగేది ఇంటి మీటరే. నెలకు మూడొందల యూనిట్లు దాటితే ఆ ఇల్లు కలిగినవాళ్ల జాబితాలో పడుతుంది. బట్టల కొట్టుకు పోవడానికి ఆటో ఎక్కలేక ఇంట్లోనే ఏదో చేసుకుందామనుకున్న మనిషికి అడ్డుపడేది ఈ నిబంధనే. విడిగా కమర్షియల్ మీటరు పెట్టించుకోవచ్చు కదా అంటారు. ఆ డిపాజిట్టూ ఆ రేటూ కట్టగలిగే స్థితికి రావడానికి ముందు కొన్నాళ్లు అంగడి నడవాలి గదా.

వలస ఇంకొకటి. ఈ ప్రాంతంలో పని అంటే చాలామటుకు ఊరు దాటడమే. మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు, భవనాల పనికి హైదరాబాదు, బెంగళూరు పోతారు. పింఛను మాత్రం ఒకటో తారీకున ఇంటి దగ్గరే ఇస్తారు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 చివర్లో వచ్చింది, అది మంచి పని. కానీ వరసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస పోయారని ఆపేస్తారు. రాష్ట్రం దాటిపోయిన మనిషి పనికీ పింఛనుకూ మధ్య ఒకటి ఎంచుకోవాల్సిందే, లేదా ప్రతి మూడో నెలా ఛార్జీలు పెట్టుకుని రైలెక్కి రావాలి.

పనిచేసినా పింఛను ఉంచాలనేవారి వాదనకు మూలం ఇది: ఈ డబ్బు జీతానికి బదులు ఇచ్చేది కాదు. వైకల్యం ఉన్న మనిషికి మిగతావాళ్లకు లేని ఖర్చులుంటాయి. బస్సెక్కలేకపోతే ఆటో మాట్లాడుకోవాలి. ఆసుపత్రికి తోడు తీసుకుపోవాలి, ఆ తోడు వచ్చిన మనిషి కూలి ఆ రోజుకు పోతుంది. మూడుచక్రాల బండికి బ్యాటరీ మార్చాలి. పనికి పోతే ఈ ఖర్చులు తగ్గవు, పెరుగుతాయి. 2016 చట్టంలోని 24వ సెక్షను కూడా, వికలాంగులకిచ్చే సహాయం అలాంటి ఇతర పథకాల్లో ఇచ్చేదానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలంటుంది. ఆ ఎక్కువ దేనికి? అదనపు ఖర్చులను గుర్తించినందుకే కదా. బ్రిటన్‌లో 2013 నుంచి ఉన్న వ్యక్తిగత స్వావలంబన చెల్లింపు ఈ సూత్రం మీదే నడుస్తుంది. దాన్ని అందుకునే మనిషి ఉద్యోగం చేస్తున్నాడా, జీతమెంత అని అడగరు.

రెండో పక్షానికి కూడా గట్టి మాటలున్నాయి, వాటిని తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు. మొదటిది న్యాయం గురించి. పక్కింట్లో ఒళ్లు హూనమయ్యేలా మిరప కోసే ఆడమనిషికి నెలకు ఒక్క రూపాయి పింఛను లేదు. జీతమూ వచ్చి పింఛనూ వచ్చే ఇంటిని చూసి ఆమె ఏమనుకోవాలి? రెండోది ఖజానా. పింఛన్లన్నిటికీ కలిపి రాష్ట్రం నెలకు 2,700 కోట్ల దాకా ఖర్చు పెడుతోంది. కేంద్రం తన వైకల్య పింఛను పథకంలో ఇచ్చేది 80 శాతం, ఆపైన ఉన్నవారికి 300 రూపాయలు, మిగతాదంతా రాష్ట్రమే మోయాలి. ఎవరికీ ఆపకుండా పోతే, ఇంకా అందాల్సినవారికి ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు? ఈ రెండింటికీ జవాబు ఉందనుకుంటాను. ఆదాయపన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వోద్యోగులు ఇప్పటికే బయట ఉన్నారు. అంతకు దిగువన, బట్టల కొట్లో నెలకు ఎనిమిది వేలు సంపాదించే మనిషి దగ్గర ఆరు వేలు తీసేస్తే అతనికి మిగిలేది రెండు వేల లాభం. ఆ రెండు వేల కోసం ఎవరూ పనికి పోరు, ఇంట్లోనే ఉంటారు, ఖజానాకు పైసా మిగలదు. మిరప కోసే ఆమెకు జరగాల్సిన న్యాయం ఆమె కూలి పెంచడంలో ఉంది.

మూడో అభ్యంతరం వేరు, నాకు అన్నిటికన్నా బరువైనదిగా కనిపించేది అదే. పని ప్రోత్సాహం పేరుతో మొదలైంది ఒత్తిడిగా మారదని హామీ ఏది? "నువ్వు పని చేయగలవు కాబట్టి నీకు పింఛను ఎందుకు?" అన్న ప్రశ్నకు ఇది దారి తీయదా? ఇది ఊహించుకుని భయపడడం కాదు. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛన్లను మళ్లీ పరీక్షలు చేయించి తనిఖీ చేశారు. ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ తేలినవారికి నోటీసులు వచ్చాయి, కొందరిని పెద్ద పింఛను నుంచి చిన్నదానికి మార్చారు. ఆందోళనలు జరిగాక అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయనడంలో అబద్ధం లేదు. మామూలు పింఛను నాలుగు వేలు, వికలాంగులది ఆరు వేలు, మంచం పట్టినవారిది పదిహేను వేలు అయినప్పుడు ఆ మెట్లు ఎక్కడానికి అడ్డదారులు వెతికేవాళ్లుంటారు. వాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ ఆ నెలల్లో నిజమైన వికలాంగులు సదరం క్యాంపుల దగ్గర, ఆసుపత్రి వరండాల్లో ఎంత బెంగతో కూర్చున్నారో చూసిన ఇంట్లో, ఇక పని చేస్తూ కనబడాలని ఎవరికుంటుంది? అంగట్లో కూర్చున్న ఫోటో ఒకటి చాలు తన మీద సాక్ష్యానికి అనుకుంటారు.

ఈ చిక్కును ఎలా విప్పాలో అమెరికా అనుభవంలో కొంత ఉంది. అక్కడ పేద వికలాంగులకిచ్చే భృతిలో, సంపాదన నెలకు 65 డాలర్లు దాటితే ఆపై ప్రతి రెండు డాలర్లకు ఒక డాలరు కోస్తారు. 1974లో పెట్టిన ఆ 65 ఇప్పటికీ 65గానే ఉంది, ధరలతో పాటు పెరగలేదు. మన పదివేల గీత కూడా అదే దారిన పోతోంది. ఈ రెండుకొకటి లెక్క చూడడానికి బాగుంటుంది గానీ మనకు పనికిరాదు. ప్రతి నెలా సంపాదన రాసి చూపించాలి, కూలి డబ్బుకు రసీదు ఎవరిస్తారు? ఆ లెక్క తనిఖీకి ఇంకో అధికారి, ఆయన చేతిలో ఇంకో కత్తెర. మనం చూడాల్సింది 1999లో వచ్చిన టికెట్ టు వర్క్ చట్టాన్ని. అందులో రెండు మాటలున్నాయి. పనిలో చేరి ముందుకు పోతున్న మనిషిని ఆ కాలంలో వైకల్యం తగ్గిందా అని మళ్లీ పరీక్షకు పిలవరు. పని పోయి, అదే వైకల్యం వల్ల మళ్లీ చేయలేకపోతే, భృతి ఆగిన ఐదేళ్ల లోపు కొత్త దరఖాస్తు లేకుండానే తిరిగి అడగవచ్చు, నిర్ణయం తేలే లోగా ఆరు నెలల దాకా తాత్కాలికంగా డబ్బు ఇస్తారు. ఆ చట్టం కింద పనికి కదిలినవాళ్లు ఆశించినంత మంది లేరు. అది కూడా గమనించాలి. హామీ ఉన్నంత మాత్రాన పని పుట్టదు.

పని ఎక్కడుంది అన్న ప్రశ్న ఇక్కడ మరీ గట్టిగా అడగాలి. కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లే ఊరు విడిచి పోతుంటే వికలాంగులకు ఏ పని ఇస్తారు? మార్కాపురం పేరు చెబితే పలకలు గుర్తొస్తాయి. బడి పలక తగ్గిపోయాక కూడా గోడలకు, నేలకు పరిచే పలకరాయి వ్యాపారం ఉంది, అందులో కూర్చుని చేసే పనులున్నాయి. కానీ పలకరాయి దుమ్ములో సిలికా ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ బలపాల పరిశ్రమలో ఆ దుమ్ము ఎందరి ఊపిరితిత్తులను పాడుచేసిందో దేశమంతా చూసింది. కాలు లేని మనిషికి ఊపిరి కూడా లేకుండా చేసే పని ప్రోత్సాహం అక్కర్లేదు. దుమ్మును లాగేసే ఏర్పాటు ఉన్నచోట అయితే వేరే సంగతి.

మన దగ్గరే ఒక మంచి నమూనా ఉండేది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కింద వికలాంగులకు విడిగా శ్రమశక్తి సంఘాలు కట్టారు. వంద రోజులకు బదులు నూట యాభై రోజుల పని, అదే కూలికి కొలతలో 30 శాతం తగ్గింపు. పింఛను అందుకునేవారే ఆ సంఘాల్లో పని చేశారు, రెండూ కలిసి నడిచాయి. మట్టి పని చేయలేనివాళ్లకు నీళ్లందించడం, పిల్లలను చూసుకోవడం వంటి పనులుండేవి. పని మనిషి దగ్గరకు రావడం, కొలత శరీరాన్ని బట్టి మారడం, పింఛను జోలికి పోకపోవడం: ప్రోత్సాహమంటే నాకు తోచే అర్థం ఈ మూడూ కలిసి ఉండడమే. దాన్ని గ్రామ సచివాలయం పనులకు, బడుల్లో వంటశాల లెక్కలకు, డ్వాక్రా సంఘాల పద్దులకు విస్తరించవచ్చు. ఆర్టీసీ బస్సులో ఛార్జీ రాయితీ ఉన్నా ఊరి నుంచి బస్టాండుకు చేరే దారి లేని మనిషికి, ఊళ్లోనే నాలుగు గంటల పని ఉంటే అంతకన్నా మేలేముంది?

రెండు పక్షాలూ తూచాక నా మొగ్గు పింఛను ఉంచి పని ప్రోత్సహించడం వైపే. మూడో అభ్యంతరాన్ని మాత్రం పక్కన పెట్టను, దానికి నిబంధనలోనే జవాబుండాలి. పనిలో చేరడాన్ని వైకల్యం తగ్గిందనడానికి ఆధారంగా తీసుకోకూడదని, చేరిన రెండేళ్లలోపు ఆ కారణంతో మళ్లీ సదరం పరీక్షకు పిలవకూడదని జీవోలో రాయాలి. ఎవరూ పనికి పోవాలని ఒత్తిడి చేయకూడదని కూడా అందులోనే ఉండాలి. వికలాంగుల సొంత సంపాదనను కుటుంబ ఆదాయంలో కలపకూడదు. ఇంట్లో వాళ్లే నడిపే చిన్న అంగడికి, మిషనుకు కాలే యూనిట్లను మూడొందల లెక్కలోంచి తీసేయాలి. జీతం పెరిగి నిజంగానే గీత దాటి పింఛను ఆగిన మనిషి, పని పోయిన రోజు సచివాలయంలో ఒక కాగితం ఇస్తే వచ్చే ఒకటో తారీకున పింఛను మళ్లీ రావాలి, విచారణ ఆ తర్వాత చేసుకోవచ్చు. ఖజానాకు దీని భారం తక్కువ. ఇప్పుడు ఎవరూ పింఛను వదులుకోవడం లేదు, తిరిగి వచ్చే హామీ ఉంటే కొందరైనా వదులుకుంటారు.

ఇందులో ఒక మనిషి మిగిలిపోయింది. మంచం పట్టిన కొడుకును కనిపెట్టుకుని ఉండే తల్లి. ఈ చర్చ ఆ కొడుకు పని గురించి ఎప్పటికీ కాకపోవచ్చు. ఆమె కూలికి పోవడం మానేసి ఎన్నేళ్లయిందో అడిగేవాళ్లు లేరు. మండలానికొకటైనా పగటి సంరక్షణ కేంద్రం ఉంటే, రోజుకు కొన్ని గంటలైనా ఆమె బయటికి పోయి నాలుగు రూపాయలు తెచ్చుకుంటుంది. మార్కాపురం, గిద్దలూరుల్లో ముందుగా ఒక్కొక్కటి పెట్టి, కొడుకు పదిహేను వేలలో ఒక్క రూపాయి తగ్గించకుండా, ఆ తల్లులలో ఎందరు పనికి పోగలిగారో ఏడాది పాటు చూడవచ్చు.